షుగర్ ఉన్న పిల్ల మీ బడిలో ఉంటే స్టాఫ్‌కి ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి

మేడం, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ప్రకాశం జిల్లాలో జడ్పీ హైస్కూల్, మీ ఆరో తరగతిలో ఒక అమ్మాయికి మొన్న ఎండాకాలంలో టైప్ 1 షుగర్ అని తేలింది, రోజుకు నాలుగు ఇంజెక్షన్లు, హెచ్‌ఎం గారేమో "ఏదైనా అయితే ఎవరిది బాధ్యత, వాళ్లమ్మను రోజూ వచ్చి వరండాలో కూర్చోమనండి, కుదరకపోతే కొన్నాళ్లు ఇంట్లోనే ఉంచుకోమనండి" అంటున్నారు, మీకు స్టాఫ్ మీటింగులో అరగంట టైమ్ ఇచ్చారు, ఆ అరగంటలో ఏం చెప్పాలి అని అడిగారు. నేను పిల్లల షుగర్ క్లినిక్‌లో డయాబెటిస్ ఎడ్యుకేటర్‌గా చాలా ఏళ్లుగా చేస్తున్నాను, బడులకు వెళ్లి టీచర్లతో మాట్లాడటం కూడా నా పనిలో భాగమే. కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

హెచ్‌ఎం గారి మీద కోపం పెట్టుకోవద్దు. నేను వెళ్లిన ప్రతి బడిలోనూ ఇదే మాట వినపడుతుంది, మంచివాళ్ల నోటి నుంచి కూడా. వాళ్ల భయమంతా సూది గురించే. టీచరే ఇంజెక్షన్ చేయాలేమో, డోసు లెక్కపెట్టాలేమో, తేడా వస్తే కేసు మెడకు చుట్టుకుంటుందేమో అని ఊహించుకుంటారు. అందుకని మీటింగులో ప్యాంక్రియాస్ (ఇన్సులిన్ తయారయ్యే గ్రంథి) బొమ్మ తర్వాత గీయొచ్చు, మొదటి నిమిషంలోనే ఈ విషయం తేల్చేయండి: ఇంజెక్షన్ చేయమని మిమ్మల్ని ఎవరూ అడగట్లేదు, డోసు చెప్పేది డాక్టరు, చూసుకునేది తల్లిదండ్రులు, ఆస్పత్రిలో నేర్పించాక చేసుకునేది ఆ అమ్మాయి. పదకొండేళ్ల పిల్లలు చాలామంది చక్కగా చేసుకుంటారు, పక్కన ఒక పెద్దవాళ్లు నిలబడి సిరంజిలో ఎన్ని యూనిట్లు లాగిందో చూస్తే చాలు. ఇంకా చేయి తిరగకపోతే కొన్ని వారాలు మధ్యాహ్నం పూట మాత్రం తల్లి వచ్చి వెళ్లొచ్చు, రోజంతా వరండాలో కూర్చోవాల్సిన పని లేదు. బడి వైపు నుంచి కావాల్సింది ఇంతే: చేసుకోనివ్వడం, కనిపెట్టి ఉండటం, షుగర్ పడిపోతే గుర్తుపట్టి చక్కెర ఇవ్వడం, ఫోన్ చేయడం. ఇది విన్నాక గదిలో సగం టెన్షన్ దిగిపోతుంది, మిగతాది అప్పుడు చెవికెక్కుతుంది.

రూల్స్ ఏమంటున్నాయని హెచ్‌ఎం గారు అడుగుతారు, అడగడం న్యాయమే. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ 2023లో అన్ని రాష్ట్రాలకూ టైప్ 1 పిల్లల గురించి లేఖ రాసింది. డాక్టరు చెప్పిన ప్రకారం క్లాసులో షుగర్ చూసుకోవడానికి, ఇంజెక్షన్ చేసుకోవడానికి, మధ్యలో ఏదైనా తినడానికి పిల్లల్ని అనుమతించాలని, ఆటలు ఆడనివ్వాలని, పరీక్ష హాల్లోకి చక్కెర బిళ్లలు, గ్లూకోమీటర్ తీసుకెళ్లనివ్వాలని అందులో ఉంది. అది ప్రింట్ తీసి ఫైల్లో పెట్టుకోండి. సలహాగా వచ్చిందే గానీ చట్టం కాదు, అయినా హెచ్‌ఎం చేతిలో ఒక కాగితం ఉంటే ధైర్యం వేరు. ఇంకో సంగతి, ఈ అమ్మాయి తల్లిదండ్రులను ఎవరో ఒకరు సదరం (వికలాంగుల) సర్టిఫికెట్ కోసం తిరగమని చెప్పే ఉంటారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల్లో టైప్ 1 షుగర్ లేదు. కేవలం షుగర్ ఉందని ఆ సర్టిఫికెట్ రాదు, క్యాంపుల చుట్టూ తిరిగి కూలి పోగొట్టుకోవద్దని చెప్పండి. అమెరికాలో ఉన్న మనవాళ్లు 504 ప్లాన్ అని ఒకటి చెబుతుంటారు, 1973 నాటి చట్టం కింద బడి, తల్లిదండ్రులు కూర్చుని పిల్లకు ఏమేం చేయాలో రాసుకునే కాగితం అది. మనకు ఆ చట్టం లేదు, కానీ అలాంటి కాగితం రాసుకోవద్దని ఎవరూ అనరు కదా. దాని గురించి కింద చెబుతాను.

జబ్బు గురించి రెండు నిమిషాలు చాలు. టైప్ 1లో ఒంట్లో ఇన్సులిన్ తయారు చేసే కణాలను ఒంట్లోని రక్షణ వ్యవస్థే పాడు చేసేస్తుంది, ఇన్సులిన్ తయారవడం ఆగిపోతుంది, బయటినుంచి ఎక్కించుకోకపోతే మనిషి బతకదు. స్వీట్లు తిన్నందుకు వచ్చింది కాదు, తల్లి పెంపకం లోపం కాదు, పక్కవాళ్లకు అంటుకోదు, మాత్రలతో పోదు, ఏ ఆకుపసరుతోనూ పోదు. ఈ చివరి మాట గట్టిగా చెప్పండి. పసరు మందు నమ్మి ఇన్సులిన్ ఆపేసిన పిల్లలు రెండు మూడు రోజుల్లోనే ఐసీయూలో తేలడం మా ఆస్పత్రుల్లో కొత్త కాదు.

ఇక్కడ మీకు ఒక హెచ్చరిక. స్టాఫ్ రూములో మీకు అడ్డు తగిలేది ఏమీ తెలియనివాళ్లు కాదు, తమకే షుగర్ ఉన్న సార్లు, మేడంలు. వాళ్లది టైప్ 2, మెట్‌ఫార్మిన్ మాత్రలు వేసుకుంటూ, పొద్దున నడుస్తూ, అన్నం తగ్గించి అదుపులో పెట్టుకున్నవాళ్లు. ప్రేమతోనే చెబుతారు, "అన్నం మానెయ్యమ్మా, జొన్నరొట్టె తిను, నేను చూడు ఎలా ఉన్నానో" అని. ఈ అమ్మాయి భోజనానికి ముందు ఇన్సులిన్ చేసుకుంటుంది, ఆ ఇన్సులిన్‌కు సరిపడా అన్నం కడుపులో పడాలి. మాస్టారి మాట విని అన్నం సగంలో వదిలేసిందంటే రెండు గంటల్లో లెక్కల పీరియడ్‌లో కళ్లు తిరిగి పడుతుంది. అందుకని ఆ ఇద్దరు ముగ్గురినీ మీటింగుకు ముందే విడిగా కలిసి, మీ షుగర్ వేరు, దీని షుగర్ వేరు, తిండి విషయంలో మీరేమీ చెప్పొద్దు అని మర్యాదగానే చెప్పేయండి. ఒకసారి అర్థమైతే వాళ్లే మీకు అందరికంటే ఎక్కువ సాయం చేస్తారు, గ్లూకోమీటర్ వాడకం వాళ్లకు ఎలాగూ వచ్చు.

ఇక అసలు సంగతి, లో షుగర్. అరగంటలో పదిహేను నిమిషాలు దీనికే ఇవ్వండి, మిగతావన్నీ తగ్గించినా పర్వాలేదు. షుగర్ 70 కంటే తగ్గితే లో అంటాం. చెమటలు, వణుకు, గుండె దడ, ఆకలి, తలనొప్పి, ముఖం పాలిపోవడం ఇవన్నీ పుస్తకాల్లో ఉంటాయి. క్లాసులో కనబడేవి కొంచెం వేరుగా ఉంటాయి. చక్కగా రాసే పిల్ల నోట్సులో అక్షరాలు లైను దాటి కిందికి జారిపోతుంటాయి. పేరు పిలిస్తే తలెత్తి చూస్తుంది గానీ బదులు చెప్పదు, లేదంటే అడిగినదానికి సంబంధం లేని జవాబు చెబుతుంది. ఊరికే ఏడుస్తుంది, పక్కపిల్ల పెన్సిల్ తీసుకుందని పెద్ద గొడవ పెట్టుకుంటుంది, బల్ల మీద తల వాల్చేస్తుంది. మధ్యాహ్నం భోజనానికి ముందు పీరియడ్‌లో, ఆటల తర్వాత పీరియడ్‌లో ఇలా కనబడితే "నిద్రపోతున్నావా, లే, నిలబడు" అనకముందు ఒక్క క్షణం ఆగండి. ప్రతి పిల్లకూ తన గుర్తులు తనకుంటాయి, కొంతమందికి పెదవుల చుట్టూ తిమ్మిరి పడుతుంది, కొంతమందికి నవ్వు ఆగదు. వాళ్లమ్మను అడిగి ఈ అమ్మాయి గుర్తులేమిటో రాసి పెట్టుకోండి.

అప్పుడు చేయాల్సింది: మూడు చెంచాల చక్కెర అరగ్లాసు నీళ్లలో కలిపి తాగించండి, లేదా గ్లూకాన్-డి అంతే, లేదా చిన్న ఫ్రూటీ ప్యాకెట్ ఒకటి. చెంచా అంటే టీ చెంచా. పిల్ల బరువును బట్టి డాక్టరు కొంచెం అటూ ఇటూ చెప్పొచ్చు, ఆయన రాసిందే లెక్క. పదిహేను నిమిషాలు పక్కనే కూర్చుని మళ్లీ షుగర్ చూడండి, ఇంకా 70 దాటకపోతే మళ్లీ అంతే ఇవ్వండి. దాటిందా, భోజనానికి ఇంకా గంట పైన ఉంటే రెండు మూడు బిస్కట్లో ఒక అరటిపండో తినిపించి క్లాసుకు పంపండి. మొదట బిస్కట్లు ఇవ్వకండి, అవి అరిగేసరికి ఆలస్యమవుతుంది. చాక్లెట్ కూడా వద్దు, అందులో ఉన్న కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి నెమ్మదిగా ఎక్కుతుంది, జేబులో చాక్లెట్ ఉంది కదా అని అందరూ చేసే పొరపాటు ఇదే. గ్లూకోమీటర్ దగ్గర లేదా, స్ట్రిప్స్ అయిపోయాయా, వెతుక్కుంటూ కూర్చోవద్దు, అనుమానం వస్తే చక్కెర ఇచ్చేయండి. లో కాకుండా పొరపాటున ఇచ్చినా ఆ పూటకు షుగర్ కొంచెం పెరుగుతుంది, అంతకు మించి ఏమీ కాదు. లో ఉన్నప్పుడు ఇవ్వకపోతేనే ప్రమాదం.

ఒక్క విషయం మాత్రం బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయండి. లో అయిన పిల్లను ఒంటరిగా ఎక్కడికీ పంపకూడదు. "ఆఫీసు రూముకు వెళ్లి చక్కెర తినిరా పో" అని పంపిస్తారు, మెట్ల మీద పడిపోతుంది. ఇంకో పిల్లను తోడిచ్చి పంపడమూ సరికాదు. చక్కెరే పిల్ల దగ్గరికి రావాలి, పిల్ల చక్కెర దగ్గరికి పోకూడదు.

స్పృహ తప్పితే, లేదా ఫిట్స్ వస్తే పద్ధతి మారిపోతుంది. నోట్లో ఏమీ పోయకూడదు, చక్కెర నీళ్లూ వద్దు, మంచినీళ్లూ వద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, 108కి ఫోన్ చేసి "ఇన్సులిన్ తీసుకునే పిల్ల, స్పృహ లేదు" అని ఈ మాటలే చెప్పండి, తర్వాత తల్లిదండ్రులకు. లో షుగర్‌తో వచ్చే ఫిట్స్ చూడటానికి మామూలు మూర్ఛలాగే ఉంటాయి, ఎవరో ఒకరు తాళంచెవుల గుత్తి చేతిలో పెట్టడానికి పరిగెత్తుతారు, దానివల్ల ఒరిగేది ఏమీ లేదు, ఆ మనిషిని గేటు దగ్గర నిలబెట్టి అంబులెన్సుకు దారి చూపించమనండి. గ్లూకగాన్ అని ఇలాంటి సమయంలో ఇచ్చే ఇంజెక్షన్ ఒకటి ఉంది, మన దగ్గర ఖరీదెక్కువ, అన్ని మందుల షాపుల్లో దొరకదు. డాక్టరు రాసిచ్చి, తల్లిదండ్రులు తెచ్చిస్తే, స్టాఫ్‌లో ఒకరు నేర్చుకోవడానికి ముందుకొస్తే మంచిదే. లేకపోతే 108, పక్కకు తిప్పడం, ఈ రెండూ గుర్తుంటే చాలు. ఇంత దూరం రాకుండానే చాలావరకు ఆపేయొచ్చు, ముందు దశలో చక్కెర పడితే.

అందుకే డబ్బా. మూత గట్టిగా పట్టే ఒక ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాలో చిన్న పొట్లాలుగా కట్టిన చక్కెర, గ్లూకోజ్ ప్యాకెట్, ఒక ఫ్రూటీ, బిస్కట్ ప్యాకెట్, చెంచా, గ్లూకోమీటర్, స్ట్రిప్స్, ఫోన్ నంబర్ల కాగితం. ఇది ఎక్కడ పెడతారన్నది డబ్బాలో ఏముందన్న దానికంటే ముఖ్యం. నేను చూసిన బడుల్లో సగం చోట్ల డబ్బా హెచ్‌ఎం గారి బీరువాలో భద్రంగా ఉంటుంది, బీరువా తాళం అటెండర్ దగ్గర, అటెండర్ ఎంఈఓ ఆఫీసుకు వెళ్లి ఉంటాడు. డబ్బా క్లాసులోనే ఉండాలి, టీచర్ బల్ల సొరుగులో, తాళం లేకుండా. ఇంకో చిన్న పొట్లం పిల్ల బ్యాగులో, ఇంకోటి పీఈటీ సార్ దగ్గర విజిల్‌తో పాటు. నెలకోసారి తెరిచి చూడండి, వానాకాలంలో గ్లూకోజ్ గడ్డకడుతుంది, మూత సరిగ్గా లేకపోతే చీమలు మీకంటే ముందే కనిపెడతాయి, మిగతా పిల్లలు ఫ్రూటీ తాగేసి ఖాళీ డబ్బా లోపల పెట్టడమూ మామూలే. స్ట్రిప్స్ సీసా మూత తెరిచి ఉంచితే తేమకు పాడై తప్పు నంబర్లు చూపిస్తాయి, ఒక్కో స్ట్రిప్‌కు పదిహేను ఇరవై రూపాయలు పడుతుంది ఆ కుటుంబానికి, జాగ్రత్తగా వాడాలి. వేలికి చక్కెర అంటుకుని ఉంటే కూడా నంబర్ తప్పు వస్తుంది, కడుక్కుని పొడిగా తుడుచుకున్నాకే గుచ్చాలి. వాడిన సూదులు ఖాళీ గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి, నిండాక ఇంటికి పంపేయండి, చెత్తబుట్టలో వేస్తే ఊడ్చే ఆయా చేతికి గుచ్చుకుంటాయి.

హై షుగర్ ఇంత అర్జెంటు కాదు గానీ, దాన్ని గుర్తుపట్టడం వేరు. మాటిమాటికీ బాత్రూముకు అడుగుతుంది, నీళ్ల సీసా ఖాళీ చేస్తూ ఉంటుంది. అడిగిన ప్రతిసారీ పంపండి, "ఇప్పుడేగా వెళ్లొచ్చావు" అనకండి. మన బడుల్లో ఆడపిల్లలు బాత్రూముకు వెళ్లాల్సి వస్తుందని నీళ్లే తాగడం మానేస్తారని మీకు నేను చెప్పాలా, ఈ అమ్మాయి అలా మానేస్తే మాత్రం తొందరగా ఆస్పత్రి పాలవుతుంది. నీళ్లు తాగనివ్వాలి, తల్లికి ఫోన్ చేయాలి. షుగర్ 250 దాటి ఉండి వాంతులు, కడుపునొప్పి మొదలైతే మాత్రం అది అజీర్తి కాదు. ఊపిరి బరువుగా, గబగబా తీస్తుంటే, నోటినుంచి మగ్గిన పండు వాసన వస్తుంటే ఇన్సులిన్ చాలక ఒంట్లో కీటోన్లు అనే ఆమ్లాలు పెరుగుతున్నాయని అర్థం, అదే రోజు, అదే పూట ఆస్పత్రికి వెళ్లాలి. ఏమీ తినట్లేదు కదా అని ఆ రోజు ఇన్సులిన్ మానేయమని ఎవరూ చెప్పకూడదు. చాలాసార్లు ఇలా జరగడానికి కారణం ఒకటి రెండు డోసులు ఎగ్గొట్టడమే.

ఎందుకు ఎగ్గొడతారంటే, సిగ్గు. ఇంజెక్షన్ చేసుకునే చోటు సరిగ్గా లేకపోతే పిల్లలు చేసుకున్నామని అబద్ధం చెప్పేస్తారు. బాత్రూములో చేసుకోమనకండి, అక్కడ మనమైతే అన్నం కూడా ముట్టుకోం. స్టాఫ్ రూములో ఒక మూల కుర్చీ, రెండు నిమిషాలు, అంతే. కొంతమంది పిల్లలు మూడు నెలలు తిరిగేసరికి క్లాసులోనే అందరి ముందూ చేసేసుకుంటారు, అది వాళ్ల ఇష్టం.

మధ్యాహ్నం డోసు టైమింగ్ దగ్గర బడికి నిజంగా పని ఉంది. రెగ్యులర్ ఇన్సులిన్ అయితే తినడానికి అరగంట ముందు చేసుకోవాలి, రాపిడ్ రకాలైతే పది పదిహేను నిమిషాల ముందు. ఇప్పుడు మీ బడిలో ఒకరోజు గ్యాస్ అయిపోయింది, అన్నం ఇంకా ఉడకలేదు, పిల్ల పన్నెండింటికే ఇంజెక్షన్ చేసేసుకుంది. ఒంటిగంటకు లో అవుతుంది. అందుకని వంట అక్క నుంచి "అన్నం దిగింది" అని కబురొచ్చాకే సూది, ఇది రూలుగా పెట్టుకోండి, రెగ్యులర్ ఇన్సులిన్ అయితే "ఇంకో అరగంటలో వడ్డిస్తాం" అని అక్క ఖచ్చితంగా చెప్పాకే. వడ్డించేటప్పుడు లైనులో ఈ అమ్మాయిని ముందు నిలబెట్టండి.

తిండి మిగతా పిల్లలకు ఏది పెడితే అదే. అన్నం, పప్పు, కోడిగుడ్డు అన్నీ తినొచ్చు. చూసుకోవాల్సింది బెల్లం. మన మధ్యాహ్న భోజన పథకంలో వారంలో కొన్ని రోజులు బెల్లం వేసిన రాగిజావ ఇస్తారు, కొన్ని రోజులు పల్లీ చిక్కీ. పొద్దున ఇంట్లో చేసుకున్న ఇన్సులిన్ ఇంట్లో తిన్న ఇడ్లీకి లెక్కేసింది, బడికొచ్చాక తాగిన గ్లాసుడు జావ ఆ లెక్కలో లేదు. మధ్యాహ్నానికి షుగర్ 300 ఎందుకుంటోందో తెలియక తల్లి తల పట్టుకుంటుంది, క్లినిక్‌లో మేం డోసు పెంచుతాం, జావ లేని రోజు లో అవుతుంది. ఇది నేను బళ్లలో మళ్లీ మళ్లీ చూసే విషయం. వారం మెనూ ఫోటో తీసి తల్లికి వాట్సాప్‌లో పంపించండి చాలు, జావ మానేయాలా, సగం తాగాలా, చిక్కీ ఇంటికి తెచ్చుకుని తినాలా, దానికి డోసు పెంచాలా అన్నది వాళ్ల డాక్టరు చూసుకుంటారు. పుట్టినరోజు చాక్లెట్లు పంచేటప్పుడు ఈ అమ్మాయి దగ్గరికొచ్చి "నీకు వద్దులే" అని దాటేయకండి. చేతిలో పెట్టండి, బ్యాగులో వేసుకుంటుంది, ఎప్పుడు తినాలో తనకు తెలుసు. తెలియకపోతే దాచుకుని దొంగతనంగా తింటుంది, అది ఇంకా కష్టం.

సీసాలు, సిరంజిల గురించి ఒక్క ముక్క, ఇది తెలియక జరిగే ప్రమాదం పెద్దది. మన దేశంలో ఇన్సులిన్ రెండు బలాల్లో దొరుకుతుంది, మిల్లీలీటరుకు 40 యూనిట్లది, 100 యూనిట్లది. 40 సీసాకు ఎర్రమూత సిరంజి, 100 సీసాకు నారింజ రంగు మూత సిరంజి. 100 సీసాలోంచి ఎర్రమూత సిరంజితో లాగితే గీత మీద కనబడే దానికి రెండున్నర రెట్ల ఇన్సులిన్ ఒంట్లోకి పోతుంది. కాబట్టి పక్కన నిలబడి చూసేవాళ్లు అంకె ఒక్కటే చూస్తే సరిపోదు, మూత రంగు కూడా చూడాలి. సిరంజిలు అయిపోయాయని ఊళ్లో మందుల షాపుకు పిల్లల్ని పంపించి ఏదో ఒకటి తెప్పించకూడదు. పెన్ను వాడుతుంటే ఈ గొడవ లేదు.

ఇన్సులిన్ దాచడం సులువే. వాడకంలో ఉన్న సీసా నెల రోజుల వరకు చల్లటి గదిలో బయటే ఉండొచ్చు, మీ దగ్గర ఎండాకాలం చల్లటి గది అన్నది మాటవరసకే కాబట్టి చిన్న మట్టికుండలో నీళ్లు పోసి, అందులో మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సీసా పెట్టి తేలేట్టు ఉంచితే బాగా పనిచేస్తుంది. బండి డిక్కీలో, కిటికీ పక్కన ఎండలో పెట్టకూడదు. స్టాఫ్ రూములో ఫ్రిజ్ ఉంటే మామూలు అరలో, ఫ్రీజర్‌లో మాత్రం కాదు, గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక కూడా పనికిరాదు.

ఆటలు ఆపొద్దు. పీఈటీ సార్లు భయపడి "నువ్వు కూర్చుని స్కోరు రాయమ్మా" అంటారు, రెండేళ్లు స్కోరు రాసిన పిల్లకు ఖోఖో మీద ఆశ పోతుంది. ఆటకు ముందు షుగర్ చూసుకుని 90 కంటే తక్కువుంటే ఏదో ఒకటి తిని దిగాలి, మధ్యలో విరామం ఇవ్వాలి, చక్కెర పొట్లం సార్ జేబులో ఉండాలి. షుగర్ బాగా ఎక్కువుండి ఒంట్లో బాగోలేదంటే ఆ రోజు వద్దు. షుగర్ ఎక్కువుంది, పరిగెత్తి తగ్గించుకో అనడం కూడా తప్పే, కీటోన్లు ఉంటే ఇంకా పెరుగుతాయి. బాగా ఆడిన రోజు రాత్రి నిద్రలో లో అయ్యే అవకాశం ఉంటుంది, అందుకని స్పోర్ట్స్ మీట్ ప్రాక్టీసు, ఆగస్టు 15 కవాతు ప్రాక్టీసు మొదలైతే ముందే తల్లికి చెప్పండి. ఎండలో గంటసేపు నిలబెట్టే కార్యక్రమాల్లో వరుస చివర నిలబెడితే అవసరమైనప్పుడు పక్కకు రావడం తేలిక.

పరీక్షలు మీ అమ్మాయికి ఇంకా దూరం, క్లుప్తంగా చెబుతాను, చదివే మిగతా టీచర్లకు పనికొస్తుంది. పదో తరగతి పరీక్షకు డాక్టరు సర్టిఫికెట్‌తో హెచ్‌ఎం ద్వారా సెంటర్ చీఫ్ సూపరింటెండెంట్‌కు ముందే లెటర్ పెట్టి, గ్లూకోమీటర్, చక్కెర బిళ్లలు, నీళ్లు, చిన్న చిరుతిండి అనుమతించమని రాతపూర్వకంగా తీసుకోండి. సీబీఎస్‌ఈ 2017 నుంచే ఇలాంటివి అనుమతిస్తోంది, ఆ ఉదాహరణ చూపించొచ్చు. చేతికి షుగర్ చూపించే సెన్సర్ పెట్టుకున్న పిల్లలకు చిక్కు ఫోన్ దగ్గర వస్తుంది, ఫోన్ లోపలికి రానివ్వరు. రీడర్ పరికరమో మామూలు గ్లూకోమీటరో పెట్టుకోవాలి, చేతికున్న సెన్సర్ ఏమిటో లెటర్‌లో రాయాలి, లేదంటే తనిఖీలో కాపీ పరికరం అనుకుని పీకించే ప్రమాదం ఉంది. గురుకులాలు, కస్తూర్బా హాస్టళ్లలో పనిచేసేవాళ్లకు ఇంకో మాట: ఇక్కడ చెప్పినవన్నీ మీకూ వర్తిస్తాయి, దానికి తోడు రాత్రి ఉంటుంది. ఏఎన్ఎం సెలవులో ఉన్న రాత్రి ఎవరు చూస్తారో పేరు రాసి పెట్టండి, పక్క మంచం పిల్లకు కూడా గుర్తులు నేర్పండి.

ఇప్పుడు కష్టమైన విషయం. ఈ అమ్మాయి తల్లి మీతో "ఎవరికీ చెప్పకండి మేడం, రేపు పెళ్లి సంబంధాలు రావు" అని ఇప్పటికే అని ఉండాలి, అనకపోతే త్వరలో అంటుంది. ఆమె భయం ఉత్తిది అని కొట్టిపారేయకండి, మన ఊళ్లలో అది ఉత్తిది కాదు. కానీ ఎవరికీ తెలియని పిల్ల లో అయి పడిపోతే ఎవరికీ ఏం చేయాలో తెలియదు. నేను ఆ తల్లులతో చెప్పేది, ఊరందరికీ చెప్పక్కర్లేదు, పిల్ల చుట్టూ ఆ ఆరేడు గంటలు ఉండే పెద్దవాళ్లకు చెబితే చాలు, వాళ్లు బయట మాట్లాడకుండా చూసే పూచీ హెచ్‌ఎం గారిది అని. హెచ్‌ఎం గారు తల్లి ఎదుటే ఆ మాట ఇస్తే ఆమె ఒప్పుకుంటుంది. తోటి పిల్లలకు చెప్పాలా వద్దా అన్నది ఆ అమ్మాయిని అడగండి. సరే అంటే, తనే చెబుతుందా, మీరు చెప్పాలా, తను క్లాసులో ఉన్నప్పుడా లేనప్పుడా, అన్నీ తననే ఎంచుకోమనండి. పిల్లలు అడిగే ప్రశ్నలు నాలుగే, అంటుకుంటుందా, నొప్పేస్తుందా, ఎప్పటికి తగ్గుతుంది, ఇన్సులిన్ మానేస్తే చచ్చిపోతావా. చివరిది అడిగినప్పుడు ముఖం మాడ్చుకుని గద్దించకండి, "అందుకే మానేయదు, మానేయకుండా మనం చూస్తాం" అంటే సరిపోతుంది, తర్వాత ప్రశ్నకు వెళ్లిపోతారు.

మీటింగుకు ఎవరెవరు రావాలో చూసుకోండి. స్టాఫ్ మీటింగు అంటే టీచర్లే వస్తారు, అటెండర్, ఆయా, వంట అక్కలు రారు. వాళ్లు లేకుండా ఈ మీటింగు పెట్టి లాభం లేదు. పిల్ల పడిపోయేది ఎక్కువగా వరండాలో, పంపు దగ్గర, భోజనం లైనులో, అక్కడ ముందుగా చూసేది వాళ్లే. చెప్పడం అయ్యాక ఒకసారి చేయించి చూడండి: ఒక టీచర్ లో అయినట్టు బల్ల మీద తల వాల్చాలి, ఇంకొకరు డబ్బా తెచ్చి చక్కెర నీళ్లు కలిపి ఇవ్వాలి, ఎంతసేపు పట్టిందో గడియారం చూడండి. మొదటిసారి చెంచా దొరకదు. నవ్వుకుంటారు, కానీ తర్వాత చెంచా డబ్బాలోనే ఉంటుంది. తల్లిని కూడా ఐదు నిమిషాలు మాట్లాడమనండి, గ్లూకోమీటర్‌తో ఎలా చూస్తుందో అందరి ముందు చూపించమనండి, నేను గంట మాట్లాడినదానికంటే ఆ ఐదు నిమిషాలే గుర్తుంటాయి స్టాఫ్‌కి.

కాగితం ఒక్క పేజీ దాటకూడదు. పైన పిల్ల ఫోటో, పేరు, తల్లిదండ్రుల నంబర్లు, డాక్టరు నంబరు. తర్వాత ఇన్సులిన్ పేరు, మధ్యాహ్నం ఎన్నింటికి, సిరంజి మూత రంగు లేదా పెన్ను. తర్వాత తన లో గుర్తులు, ఏం ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి. స్పృహ తప్పితే ఏం చేయాలి. వాంతులు అయితే ఎవరికి ఫోన్. కింద తండ్రి లేదా తల్లి, హెచ్‌ఎం, డాక్టరు ముగ్గురి సంతకాలు. హెచ్‌ఎం గారు అడిగిన "ఎవరిది బాధ్యత" అన్నదానికి జవాబు ఆ మూడు సంతకాలే, ఎవరి పని ఎంతవరకో అందులో రాసి ఉంటుంది కాబట్టి ఆయనకూ నిశ్చింత. ఒక కాపీ హాజరు రిజిస్టర్‌లో అంటించండి, గోడ మీద వద్దు. రిజిస్టర్‌లోనే ఎందుకంటే మీరు ట్రైనింగుకో ఎన్నికల డ్యూటీకో వెళ్లిన రోజు మీ క్లాసుకు వచ్చే టీచర్ తెరిచేది దాన్నే. బాధ్యులుగా మీ పేరొక్కటే రాయకండి, ఇంకో ఇద్దరి పేర్లు ఉండాలి, అందులో ఒకరు ఆ ఊళ్లోనే ఉండేవాళ్లయితే మంచిది. బదిలీలు జరిగాక, జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలో కొత్తవాళ్లతో ఇదంతా మళ్లీ చెప్పుకోవాల్సిందే, సెక్షన్ మారినా అంతే.

మీకు వీలైతే ఆ అమ్మాయి వాడే ఇన్సులిన్ పేరు, సీసా మీద 40 అని ఉందా 100 అని ఉందా, మీ బడిలో భోజనం గంట ఎన్నింటికి కొడతారు, జావ ఎప్పుడిస్తారు, ఇవి ఇక్కడ రాయండి. డోసు సంగతి వాళ్ల డాక్టరే చెప్పాలి గానీ, టైములు ఎక్కడ తేడా కొట్టే అవకాశం ఉందో చూసి చెబుతాను, మీటింగుకు ముందే ఆయనను అడిగి సరిచేసుకోవచ్చు.